నేను ఎక్కించిన మేక

పాఠకుడు దేవుడంటారు కొందరు రచయితలు. వాళ్ళకు పాఠకులు లేరేమో. ఉన్నవాడెవడూ ఆ మాట అనడు. ఆరేళ్ళుగా నేనొక తెలుగు బ్లాగు రాస్తున్నాను. చదివేవాళ్ళు మూడు వందల మందికి మించి ఉండరు. వాళ్ళలో సగం మంది నన్ను తిట్టడానికే తెల్లారి లేస్తారని నా నమ్మకం. మిగతా సగం ఆ తిట్లు చదువుకుని సంతోషపడటానికి వస్తారు. నా సంగతి కూడా చెప్పాలి కదా, తిట్టినవాళ్ళకు జవాబు రాయడంలో నాకున్న హుషారు అసలు రాతల్లో ఎన్నడూ లేదు.

నాది కర్ణాటకలోని పావగడలో మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, రాగి తీగ మళ్ళీ చుట్టి ఇస్తాను. ఒకప్పుడు అన్నం తినడానికి తీరిక ఉండేది కాదు. తర్వాత బోర్లలో నీళ్ళు అడుగంటాయి. ఆ వెనకే రాయచెర్లు, క్యాతగానచెర్లు వైపు చేలన్నీ సోలార్ పార్కు కిందికి పోయాయి. చేలో మోటారే లేనప్పుడు అది కాలిపోయేదెక్కడ, నా దగ్గరికి వచ్చేదెక్కడ? తీరిక దొరికింది. తీరిక దొరికిన మనిషికి అభిప్రాయాలు పుడతాయి, నాకు మరీ ఎక్కువ పుట్టాయి.

ఇంకో సంగతి చెప్పాలి. మా తాలూకాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు లెక్కలేనంత మంది. రాయగలిగినవాళ్ళు మాత్రం తక్కువ, బడి కన్నడం కాబట్టి. మా అమ్మ పుట్టిల్లు రాష్ట్రం గడి దాటితే ఆంధ్రాలో ఉంది. ఏడో తరగతి దాకా అక్కడే చదివాను గనక నాకు తెలుగు అక్షరాలు వచ్చాయి. ఏదో వంశపారంపర్యంగా వచ్చిన కిరీటంలాగా ఆ అక్షరాలను నెత్తిన పెట్టుకుని తిరిగాను. పావగడలో కూర్చుని తెలుగులో రాసే మొనగాణ్ణి నేనొక్కణ్ణే అని నా లెక్క.

ఒకసారి మా ఊరి టీ గురించి రాశాను. బస్టాండు చుట్టూ ఎక్కడా టీ టీలా ఉండదనీ, పానకంలో రంగు కలిపి పోస్తారనీ. మర్నాడు నేను రోజూ తాగే హోటలాయన గ్లాసు నా ముందు పెట్టి, "పానకం తాగుప్పా" అన్నాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఎవడో చదివి వినిపించాడు. ఆ ఎవడో నా పాఠకుడే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనూ పట్టలేకపోయాను. మూడు నెలలు ఎండలో నడిచి వేరే హోటలుకు పోయాను. అక్కడ టీ ఇంకా అన్యాయం. ఆ సంగతి రాయలేదు, రాస్తే మళ్ళీ హోటలు మారాలి.

నాకొక పెద్ద అభిమాని ఉన్నాడు. హైదరాబాదులో ఉంటాడట, తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాడట. నేను మనిషిని చూడలేదు. నేనేం రాసినా "అద్భుతమైన పదచిత్రం" అని పెడతాడు. ఆ రెండు మాటలకు నేను ఎంత లొంగిపోయానో తల్చుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. ఏ వాక్యం రాస్తున్నా ఈయనకు నచ్చుతుందా అని వెనక నుంచి ఒక లెక్క నడిచేది.

ఈ ఏడు వానలు కాస్త పడ్డాయి. సోలార్ పార్కులో, మావాళ్ళు అద్దాలనే ప్యానెళ్ళ వరుసల మధ్య గడ్డి బాగా లేచిందని విని, దాని మీద రాద్దామని బైకెక్కి రాయచెర్లు వైపు పోయాను. కంచె వెంబడి పోతుంటే ఒక చిన్న గేటు తెరిచి ఉంది. లోపల అరవై దాటిన ఒకావిడ మంద మేపుకుంటోంది. గేటు దగ్గర కూర్చున్న గార్డు ఆ ఊరివాడే, నన్ను చూసి ఏమీ అనలేదు. నేను లోపలికి పోయి ఆవిడతో మాట కలిపాను. ఆమె మూడెకరాల చేనూ ఆ అద్దాల కిందే ఉందట. ఏ వరుస కింద తన బావి ఉండేదో చెయ్యి చాపి చూపించింది.

"మందను లోపలికి రానిస్తారా అక్కా?" అని అడిగాను.

"గొర్రెలైతే రానిస్తారప్పా. గడ్డి పెరిగితే వాళ్ళకీ కష్టమే గదా, కూలోళ్ళను పెట్టి కోయించల్ల. మేకలైతే వద్దన్యాడు సూపర్వైజరు. మేక ఒగచోట నిలబడి మేయదు. అద్దాల మీదికి ఎగురుతాది, వైర్లు కొరుకుతాది. నాకి ఆరు మేకలు ఉండె. అరసికెరెలో మా చెల్లెలికి తోలిచ్చేస్తి."

"ఆరింటినీ?"

"ఆరింటినీ. ఏం జేసేది? మంద బతకల్ల గదా. ఈ గేటు మూస్తే ఇంగ మేపుకునేకి యాడుండాది నేల? అంతా అద్దాలే అయిపాయ."

ఆ గేటు కాగితం మీద రాసిచ్చిన హక్కు కాదు, నోటిమాట మీద నడిచే ఏర్పాటు. పొద్దున ఎండెక్కక ముందు తోలాలి, అద్దాలు కడిగేవాళ్ళు వచ్చేలోపల బయటికి తేవాలి, గొర్రెలు తప్ప ఇంకేదీ రాకూడదు. సూపర్వైజరు ఎవరో ఉత్తరాది మనిషి, వారానికోసారి వచ్చి చూసి పోతాడట. ఇవన్నీ ఆమె నాకు విడమరిచి చెప్పింది. మధ్యలో సద్ది విప్పి సంగటి ముద్ద సగానికి విరిచి, చెనిక్కాయల చట్నీ వేసి నా చేతిలో పెట్టింది. తిన్నాను. ఆమె వెనక నుంచి ఒక ఫోటో తీసుకున్నాను. అందులో ఆమె వీపు, అద్దాల వరుస, దూరంగా నాలుగైదు గోధుమరంగు వీపులు. మా వైపు గొర్రెలకు బొచ్చు తక్కువ. ఎరగనివాడు దూరం నుంచి చూస్తే మేకలనే అనుకుంటాడు.

నేను ఎరగనివాణ్ణి కాదు. అదే ఇక్కడ చెప్పవలసింది. షాపుకొచ్చి రాయడానికి కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, అందులోని ముఖ్యమైన వాక్యం నేను ఆ ఊరికి పోకముందు వారం నుంచీ నా దగ్గర తయారుగా ఉంది. "అద్దం మీదికెక్కి నిలబడిన నల్లమేక ఒకటి ఆకాశాన్ని నెమరేస్తోంది." నాకది ఎంత నచ్చిందంటే దాన్ని పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటూ అంత దూరం పోయానని చెప్పినా తప్పులేదు. గొర్రె అద్దం ఎక్కదు. తల వంచిందంటే ఎత్తదు. గొర్రెతో ఆ వాక్యం నిలబడదు. అందుకని మందంతటినీ మేకలు చేసేశాను. పైన పేరు "ఆకాశాన్ని మేసిన మేక" అని పెట్టాను. ఫోటో అతికించి, ఊరి పేరు కూడా రాసి, జనంలోకి వదిలేశాను.

హైదరాబాదాయన గంటలోపల "అద్భుతమైన పదచిత్రం" అన్నాడు. ఎప్పుడూ రానంత మంది వచ్చి చదివారు. రాయచెర్లువాళ్ళు మా ఊరి మీద రాసినారని తమ ఫోన్ గ్రూపుల్లో తిప్పుకున్నారు. నేను పొంగిపోయాను.

మర్నాడు ఒక కామెంటు వచ్చింది. పేరుండాల్సిన చోట ఒక పొడి అక్షరం, మొహం ఉండాల్సిన చోట గులాబి పువ్వు. మాట తెలుగు, లిపి కన్నడం. మావైపు ఇది మామూలే. నోట్లో తెలుగు, చేతిలో కన్నడం. కన్నడం వచ్చినవాళ్ళు కూడబలుక్కుంటే తెలుగు చదవగలరు, రాయడమే రాదు. "అవి మేకలు కాదు. గొర్రెలు. మార్చు." అంతే ఉంది.

మార్చు అట. దయచేసి లేదు, అండీ లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గొర్రెకూ మేకకూ తేడా తెలిసిన మహానుభావులకు తెలుగు అక్షరాలు కూడా తెలిసి ఉంటే బాగుండేది" అని జవాబు పెట్టాను. పది మంది నవ్వే బొమ్మలు పెట్టారు.

మూడో రోజు మళ్ళీ అదే గులాబి పువ్వు. "అద్దం మీదికి ఏ మేకా ఎక్కలేదు. నువ్వు చూడలేదు. గొర్రెలు అని రాయి. తొందరగా రాయి." తొందర ఎందుకో నేను అడగలేదు. నాకు కనబడింది రెండో వాక్యమే. నువ్వు చూడలేదు. నిజం పట్టుబడితే మనిషికి వచ్చే కోపం అబద్ధపు నింద పడినప్పుడు రాదు. నేను ఈసారి కామెంటుతో సరిపెట్టుకోలేదు. పని పక్కన పెట్టి, ఒక మోటారు విప్పింది విప్పినట్టే వదిలేసి, ఒక పూర్తి వ్యాసం రాశాను. "అక్షరం రాని విమర్శ" అని పేరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం పాఠకులు ఈమధ్య పెరిగిపోయారనీ, రచన అంటే సంత కాదు కాబట్టి తల లెక్కపెట్టి చూసుకోనక్కర్లేదనీ, మేక అంటే ఇక్కడ మేక కాదు, మట్టిని పోగొట్టుకున్న రైతు మొండితనమనీ, ఇది అర్థం కానివాళ్ళు గులాబి పువ్వుల బొమ్మలు పంచుకుంటూ కాలక్షేపం చేయవచ్చుననీ రాశాను. రాసినంతసేపూ నాకు చాలా ఆనందంగా ఉంది. అది దాచను.

ఆ వ్యాసానికి వచ్చినన్ని మెప్పులు ఆరేళ్ళలో దేనికీ రాలేదు. జనానికి మేక కంటే తిట్టు ఎక్కువ రుచి.

ఆ వారం చివర ఆ కన్నడ అక్షరాలు మళ్ళీ వచ్చాయి. "గేటు మూసినారు. నీ మేకను చూపించి మూసినారు. మా అమ్మ మంద ఇప్పుడు బయట ఉండాది."

రెండుసార్లు చదివాను. నిజమేనా అని అడగాల్సింది. కానీ ఆరేళ్ళుగా జవాబులు రాసి రాసి వేళ్ళకు ఒక అలవాటు పడిపోయింది, అవి నా కోసం ఆగవు. "ఒక బ్లాగు చదివి గేట్లు మూసేంత సాహిత్యాభిమానం మన కంపెనీలకు ఉన్నందుకు సంతోషం" అని కొట్టేశాను. హైదరాబాదాయన చప్పట్లు కొట్టే బొమ్మ పెట్టాడు. ఆ రోజు చుట్టిన కాయిల్ లెక్క రెండు సార్లు తప్పింది. కోపమంతా తీగ మీద చూపించి, ఆఖరికి ఆ తీగ మొత్తం పీకి పారేశాను.

మర్నాడు పొద్దున, షట్టర్ ఎత్తిన అరగంటకు, ఒకామె షేరు ఆటో దిగి నేరుగా నా షాపుకొచ్చింది. ముప్పైయైదేళ్ళుంటాయి. సోలార్ పార్కులో అద్దాలు తుడిచే కూలికి పోయేవాళ్ళ నీలం కోటు మడిచి చంకలో పెట్టుకుంది. ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"గులాబి పువ్వు నేనే అన్నా" అంది.

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మా అమ్మ పెట్టిన సంగటి తిని వచ్చి ఇట్ల రాసినావే. మేకలు లేవని, తోలిచ్చేస్తినని నీకి చెప్పింది గదా. చెప్పిందా లేదా?"

"చెప్పింది."

"మళ్ళీ ఏంటికి రాసినావు?"

వాక్యం బాగుందని చెప్పగలనా? "అది ఒక వర్ణన అమ్మా" అన్నాను.

"ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు, అట్ల. నీకి వర్ణన, మాకి మేత." ఆమె గొంతు పెంచలేదు. జరిగింది చెప్పింది. ఫోటోలోని ఆ వరుసలో ఒక అద్దం ముందే పగిలి ఉంది. రాయి తగిలిందో, బిగించడంలో తేడా వచ్చిందో ఎవరికీ తెలియదు. ఎందుకు పగిలిందో సూపర్వైజరు పైవాళ్ళకు చెప్పుకోవాలి. సరిగ్గా అప్పుడు ఊరి గ్రూపులో తిరుగుతున్న నా రాత ఆయన దాకా పోయింది. ఫోన్లోనే హిందీలోకి మార్చుకుని చదివాడు. అద్దం మీద మేక. ఫోటో కూడా ఉంది. ఇంకేం కావాలి?

"ఆయప్ప వెంటనే మూయలేదన్నా. నాలుగు దినాలు చూస్తానన్యాడు. రాసినాయప్ప తప్పు రాసినా అంటే సరే, లేకుంటే మూస్తా అన్యాడు. అందుకే నీకి రెండు తూర్లు రాస్తి. నువ్వు నా అక్షరాలు చూసి నవ్వితివి."

తొందరగా రాయి అన్న మాట అప్పుడు నాకు అర్థమైంది. ఆ నాలుగు రోజుల్లో ఒకరోజంతా నేను ఆమెను తిడుతూ వ్యాసం రాసుకున్నాను. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఆమె మీద కోపం కూడా వచ్చింది. నా షాపులో నన్ను నిలబెట్టి అడుగుతోందని. ఇప్పుడు తల్చుకుంటే ఆ కోపానికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

"ఇప్పుడే తీసేస్తాను. మొత్తం తీసేస్తాను" అని ఫోను అందుకున్నాను.

"తీయద్దు. తీస్తే మేమే బెదిరించి తీయించినామంటాడు. ఆ రాత ఫోటో తీసి పెట్టుకున్యాడు. నువ్వే రాయల్ల. మేక లేదు, గొర్రెలే ఉండె, మేకను నేను కల్పిస్తి అని రాయల్ల. రెండు మాటలు చాలు. కన్నడంలో రాస్తే ఇంగా మేలు, గార్డన్న చదివి చెప్తాడు."

నాకు కన్నడం చదవడం వచ్చు, బోర్డులూ బిల్లులూ. నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయడం రాదు. ఇన్నేళ్ళు ఈ నేల మీద బతికి, ఆ సంగతి ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాను. ఆమె అక్షరాలను వెక్కిరించినవాణ్ణి, ఆమె ముందు ఆ మాట ఎలా ఒప్పుకుంటాను? "తెలుగులోనే రాస్తాలే, నా బ్లాగు తెలుగు కదా" అన్నాను. ఆమె సరేనని వెళ్ళిపోయింది.

రెండు మాటలు రాయడానికి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. "మేక లేదు. నేను కల్పించాను." ఇవి రాయడం, తుడవడం. అది రాస్తే ఇన్నాళ్ళ నా రాతల్లో ఇంకేమేం కల్పించానో అని పాఠకులు వెనక్కి తవ్వుతారు. హోటలాయన టీ దగ్గర్నుంచి తవ్వుతారు. హైదరాబాదాయన ఏమనుకుంటాడో? చివరికి రెండు మాటల చోట రెండు పేజీలు రాశాను. రచయిత చూసే చూపు వేరు, కళ్ళు చూసేది వేరు అన్నాను. ఆ మంద మేకలదా గొర్రెలదా అన్న ప్రశ్నకు లోకంలో ఒక జవాబు, రచనలో ఇంకో జవాబు ఉంటాయన్నాను. గొర్రెలన్న మాట ఎక్కడో మూడో పేరాలో ఒకసారి వచ్చింది. మూడొందల మందిలో ఒక్కడికీ నేను తప్పు ఒప్పుకున్నట్టు అనిపించకుండా రాశాను. ఆ పని బాగా చేశాను, అందులో నాకు నేర్పు ఉంది.

సూపర్వైజరు దాన్ని ఫోన్లో హిందీ చేసి చూస్తే మేక ఇంకా అద్దం మీదే ఉన్నట్టు వచ్చిందట. సాయంత్రం గులాబి పువ్వు కింద ఒకే వాక్యం కనబడింది. "రాయమన్నది రెండు మాటలు."

ఆ ముక్కకు మాత్రం నేను జవాబు పెట్టలేదు. సూపర్వైజరు వచ్చే రోజు ఏదో కనుక్కుని, బైకెక్కి ఆ గేటు దగ్గరికి పోయాను. ఆ తల్లి గేటు బయట రోడ్డు వారన మందను ఆపుకుని నిలబడి ఉంది. లోపల గడ్డి మోకాలి ఎత్తు ఉంది. గొర్రెలు కంచె వైపు తలలు పెట్టి నిలబడ్డాయి.

"రోడ్డు మీద యాడ మేస్తాయప్పా, లారీలు వస్తాంటాయి" అంది ఆమె. "గడి దాటి అవతల బీళ్ళకు తోలుకొనిపోతాండా. నా మోకాళ్ళు మొరాయిస్తాండాయి." నన్ను ఒక్క మాట అనలేదు.

సూపర్వైజరు నలభై లోపు మనిషి. మర్యాదగానే మాట్లాడాడు. నాకు వచ్చిన హిందీ కొంత, గార్డు సాయం కొంత. ఆ రాసింది నేనేననీ, మేక లేదనీ, రాత అందంగా ఉండటానికి కల్పించాననీ అన్నీ చెప్పాను. మొదటిసారి ఆ మాటలు నా నోట పైకి వచ్చాయి. ఎదురుగా ఆ తల్లి నిలబడి ఉంది కాబట్టి వచ్చాయి.

ఆయన అంతా విన్నాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. "అప్పుడు రాసింది అబద్ధమంటున్నావు. అందం కోసం అబద్ధం రాసేవాడివి, ఈమె కోసం ఇప్పుడు ఇంకో అబద్ధం చెప్పడంలేదని నేనెట్లా నమ్మాలి?"

ఆరేళ్ళలో ఎందరి నోళ్ళనో మూయించానని చెప్పుకున్నవాణ్ణి, నా నోరు ఇలా మూతపడటం అదే మొదటిసారి.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు, కాస్త గొంతు తగ్గించి. అద్దం పగలడానికి మేక కారణమని పైకి రాసి పంపేశాడట. ఇప్పుడు మేక లేదంటే తను తప్పు రాసినట్టవుతుంది. రాసింది రాసిందే, మార్చడం కుదరదు. ఆ మాట వినగానే నాకు పట్టరాని కోపం వచ్చింది. ఒక కాగితం మీద ఒక మాట మార్చుకోవడానికి నీకేం పోయింది, అవతల ఒక మంద ఆకలితో ఉంది అని అరవబోయాను. సగంలో ఆగిపోయాను. ఆయన్ని ఆ మాట అనడానికి ఆ రోడ్డు మీద ఎవరికైనా అర్హత ఉందేమో గానీ నాకు లేదు. గార్డు తల దించుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

షాపుకొచ్చి, ఆ "ఆకాశాన్ని మేసిన మేక" పైన లావు అక్షరాలతో రాశాను. "ఇందులో మేక లేదు. అవి గొర్రెలు. మేకను నేను కల్పించాను. దానివల్ల ఒకామె మందకు మేత పోయింది." మా పక్క షాపు అమ్మాయిని అడిగి కన్నడంలో కూడా రాయించుకుని కింద పెట్టాను. పది నిమిషాల్లో హైదరాబాదాయన వచ్చాడు. ఇంత మంచి రచనను ఆ నాలుగు ముక్కలు పాడుచేస్తున్నాయనీ, పాఠకుడికి అవి అనవసరమనీ, తీసేస్తే బాగుంటుందనీ సలహా ఇచ్చాడు. నా జీవితంలో నేను ఒక పాఠకుణ్ణి తిట్టిన తిట్లన్నిటిలోకీ ఘోరమైనవి ఆ రోజు ఆయన్ని తిట్టాను. ఆయన ఇక రాలేదు. పీడా పోయింది. ఇది చదివి ఎవరైనా నన్ను ఓదార్చబోతే వాళ్ళకూ అదే మర్యాద జరుగుతుంది, ముందే చెబుతున్నాను.

నెల తిరగకముందే మంద అమ్మేస్తున్నారని షాపుకు కాలిన ఫ్యాను తెచ్చిన రాయచెర్లు మనిషి ఒకాయన చెప్పాడు. నన్నెవరూ రమ్మనలేదు. అయినా పొద్దున్నే పోయాను. వాళ్ళింటి ముందు చిన్న టెంపో నిలబడి ఉంది. నన్ను చూసి ఆ తల్లి, "వచ్చినావాప్పా. ఈ పొద్దు సంగటి చేయలేదు" అంది. ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

కూతురు నా పక్కకొచ్చి నిలబడింది. నీలం కోటు వేసుకుని ఉంది, పనికి పోవాలి.

"ఏమన్నా, ఇది గూడా రాస్తావా?"

"రాయను" అన్నాను.

"రాయి. నేను చదువుతా. ఈ తూరి కండ్లతో చూసింది రాయి."

అందుకని రాస్తున్నాను. టెంపో వెనక తలుపు దించి పలక వేశారు. ఆ తల్లి ఒక్కొక్కదాని వీపు తట్టి తనే ఎక్కించింది. చివరిది ఎక్కనని మొరాయిస్తే చంకలకింద చేతులు వేసి ఎత్తి లోపల పెట్టింది. ఇరవై ఏడు గొర్రెలు. మేక ఒక్కటీ లేదు.